లిస్బన్ నుంచి ఒక్క రోజులో సింట్రా కొండ ప్యాలెస్‌లు, అట్లాంటిక్ తీరం: ప్రైవేట్ గైడెడ్ టూర్ ప్లాన్ చేసుకోవడం ఎలా

లిస్బన్‌కి వాయవ్యాన పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో సింట్రా కొండలున్నాయి. కొండ నెత్తిన ఎరుపు పసుపు రంగుల పెనా ప్యాలెస్, దాని పక్క శిఖరం మీద మూర్ల (ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం పాలకుల) కాలం నాటి కోట, కింద ఊళ్లో పాత రాజుల నివాసం, చెట్ల మధ్య దాక్కున్న ఎస్టేట్లు. అక్కణ్నుంచి ముప్పావుగంట కారులో వెళ్తే యూరప్ ప్రధాన భూభాగానికి పడమటి చివర కాబో ద రోకా, ఆ తర్వాత సముద్రం పక్కనే సాగే రోడ్డు మీద కష్కైష్ ఊరు. ఇదంతా ఒక్క రోజులో చూపిస్తామని టూర్ పేజీలన్నీ చెప్తాయి. నిజమే, చూడొచ్చు. కానీ ఏది వదిలేయాలో ముందే తేల్చుకోకుండా బయల్దేరితే సగం రోజు క్యూల్లో, మిగతా సగం కారులో అయిపోతుంది, సాయంత్రానికి ఏ ప్యాలెస్ ఏదో కూడా గుర్తుండదు.

ప్రైవేట్ టూర్‌కి ఎక్కువ డబ్బు పెట్టేది వేళలు మన చేతిలో ఉంచుకోవడానికే. ఎక్కడికి ముందు వెళ్లాలి, ఎక్కడ ఎక్కువసేపు ఉండాలి, ఎక్కడ ఐదు నిమిషాల్లో కారెక్కాలి అన్నది మనం నిర్ణయించుకోవాలి. ఆ హక్కు వాడుకోకుండా పెద్ద బస్సు టూర్ వాళ్లు తిప్పినట్టే తిరిగొస్తే ఆ డబ్బు దండగ. కింద రాసిందంతా ఆ హక్కు ఎలా వాడుకోవాలన్నదే.

1. ముందుగా, మీకు ప్రైవేట్ టూర్ అవసరమా?

ఇద్దరే వెళ్తున్నారు, నడవగలరు, సింట్రా ఒక్కటే చూస్తే చాలనుకుంటున్నారు అంటే అక్కర్లేదు. లిస్బన్ నడిబొడ్డున ఉన్న రొసియు స్టేషన్ నుంచి సింట్రాకి లోకల్ రైలు 40 నిమిషాలు. దిగాక 434 నంబరు బస్సు పెనా దాకా తీసుకెళ్తుంది. కాకపోతే సీజన్‌లో ఆ బస్సు కోసం నిలబడే క్యూ చాలా పొడుగు. తీరం కూడా కలుపుకోవాలంటే బస్సులున్నాయి గానీ వేళలు కుదుర్చుకునేసరికి మధ్యాహ్నం కరిగిపోతుంది.

ఇండియా నుంచి అమ్మానాన్నల్ని తీసుకొచ్చారు, లేదా చిన్నపిల్లలున్నారు, లేదా నలుగురైదుగురు కలిసి వెళ్తున్నారు అంటే ప్రైవేట్ టూర్ కళ్లుమూసుకుని తీసుకోండి. చాలామంది ఆపరేటర్లు మనిషికింత అని కాకుండా బండికింత అని రేటు చెప్తారు, కాబట్టి మనుషులు పెరిగేకొద్దీ తలా పడే ఖర్చు తగ్గుతుంది.

అద్దె కారు తీసుకుని నేనే నడుపుతాను అనేవాళ్లకి ఒక మాట. పెనాకి వెళ్లే కొండ దారిలోకి మామూలు ప్రైవేట్ కార్లను రానివ్వరు. స్థానికులకి, బస్సులకి, టాక్సీలకి, అనుమతి ఉన్న టూరిస్ట్ బండ్లకే ప్రవేశం. పాత ఊరి వీధులు కూడా సన్నవి, పార్కింగ్ దొరకడం గగనం. తీరానికి అద్దె కారు బాగుంటుంది, సింట్రాకి మాత్రం తలనొప్పి.

2. తేదీ ఎంచుకోవడం

సోమవారం వద్దు. లిస్బన్‌లో పెద్ద మ్యూజియంలు, బెలేంలోని జెరోనిమోస్ మఠం లాంటివి సోమవారం మూసేస్తారు కాబట్టి టూరిస్టులందరూ ఆ రోజే సింట్రా మీద పడతారు. శని ఆదివారాల్లో స్థానికులు కూడా తోడవుతారు. మంగళవారం నుంచి గురువారం లోపు ఏదో ఒక రోజు మంచిది.

నెలల్లో ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు హాయిగా ఉంటాయి. జులై ఆగస్టుల్లో జనం విపరీతం, పైగా కార్చిచ్చు ప్రమాదం బాగా ఎక్కువ ఉన్న రోజుల్లో కొండ మీది పార్కుల్ని అధికారులే మూసేస్తారు. ఎండాకాలంలో వెళ్తుంటే ముందు రోజు రాత్రి ఒకసారి అధికారిక వెబ్‌సైట్ చూసి పడుకోండి. శీతాకాలంలో జనం తక్కువ, కానీ డిసెంబరులో సాయంత్రం ఐదుంబావుకే సూర్యుడు అస్తమిస్తాడు. అదే జూన్ చివర్లో అయితే రాత్రి తొమ్మిది దాకా వెలుతురే. ఈ తేడాని బట్టి రోజు మొత్తం ప్లాన్ మారిపోతుంది, దాని గురించి కింద చెప్తాను.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అమెరికాలో ఉన్నా, యూకేలో ఉన్నా పోర్చుగల్‌కి షెంగెన్ వీసా కావాలి. వీసా చేతికి రాకముందే డబ్బు వెనక్కి రాని టూర్ బుక్ చేయకండి. 24 గంటల ముందు దాకా ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే వీలున్నవి బోలెడు దొరుకుతాయి.

3. ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మిగతావన్నీ దీన్ని బట్టే ఉంటాయి కాబట్టి ఇక్కడ తొందరపడకండి. ముందు గంటలు లెక్క వేసుకోండి. పెనా ప్యాలెస్ లోపలా బయటా చూడాలంటే రెండున్నర గంటలు. రెగలైరా అనే ఎస్టేట్‌కి గంటన్నర. ఊళ్లో భోజనం గంట. తీరం మొత్తం, ప్రయాణంతో కలిపి, మూడున్నర నుంచి నాలుగు గంటలు. లిస్బన్ నుంచి పోను రాను గంటన్నర. ఎంత లేదన్నా పది గంటలు అవుతోంది. మార్కెట్లో ఉన్న టూర్లు ఎక్కువగా ఎనిమిది గంటలవి. అంటే ఆ ఎనిమిది గంటల్లో ఆరేడు చోట్లు అని రాసి ఉంటే, వాటిలో సగం కారు అద్దంలోంచి చూసేవే.

నా సలహా, ఒక ప్యాలెస్ పూర్తిగా, ఇంకొకటి ఓపికను బట్టి, తీరానికి మాత్రం మధ్యాహ్నం మొత్తం. ఇక ఏది ఏమిటో చూద్దాం.

పెనా ప్యాలెస్. మొదటిసారి వెళ్లేవాళ్లు దీన్ని వదలకూడదు. ఇక్కడ మొదట ఒక క్రైస్తవ మఠం ఉండేది. 1755 నాటి లిస్బన్ మహా భూకంపంలో బాగా దెబ్బతింది. 1838లో రాణి రెండవ మరియా భర్త రెండవ ఫెర్డినాండ్ ఆ శిథిలాల్ని కొని, జర్మనీ నుంచి వచ్చిన గనుల ఇంజనీరు బ్యారన్ ఎష్‌వెగె చేత ఈ ప్యాలెస్ కట్టించాడు. ఎర్రరంగు భాగం పాత మఠం, పసుపు భాగం కొత్తగా కట్టింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే బయటి నుంచి చూసినప్పుడు కట్టడం మొత్తం అర్థమవుతుంది. భార్య చనిపోయాక ఫెర్డినాండ్ 1869లో ఎలిజా హెన్స్‌లర్ అనే ఒపేరా గాయనిని పెళ్లి చేసుకున్నాడు. 1885లో ఆయన పోయాక వీలునామా తెరిస్తే ప్యాలెస్ ఆమె పేరున ఉంది! దేశమంతా గగ్గోలు పెట్టింది, చివరికి 1889లో ప్రభుత్వమే కొనేసింది. ఆ ఇద్దరూ కలిసి కట్టించుకున్న చిన్న బంగళా పార్కు పడమటి కొసన ఇప్పటికీ ఉంది. ఓపికున్నవాళ్లు అక్కడిదాకా నడవొచ్చు.

రెగలైరా. బ్రెజిల్‌లో పుట్టిన కోటీశ్వరుడు కర్వాల్యో మొంతైరో, ఇటలీ నుంచి వచ్చిన లుయీజి మనీని చేత 1904, 1910 మధ్య కట్టించుకున్న ఎస్టేట్. భవనం కంటే తోటే ముఖ్యం. తోటలో 27 మీటర్ల లోతున మెలికలు తిరుగుతూ దిగే మెట్ల బావి ఉంది. బావి అంటున్నాం గానీ నీళ్ల కోసం తవ్వింది కాదు, రహస్య సంఘాల దీక్షా క్రతువుల్ని గుర్తుచేసేలా కట్టిందంటారు. అడుక్కి దిగితే చీకటి సొరంగాలు, అవి దాటితే ఒక చెరువు, దాని మీద అడుగులు వేసుకుంటూ వెళ్లే రాళ్లు. పిల్లలకి దీనికంటే నచ్చేది సింట్రాలో లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మాత్రం కష్టం. మెట్లు తడిగా, జారుడుగా ఉంటాయి, దిగడం మొదలెట్టాక వెనక్కి రాలేరు, వెనక జనం ఉంటారు.

ఊళ్లోని జాతీయ ప్యాలెస్. పెద్దవాళ్లు వెంట ఉంటే రెగలైరాకి బదులు నేను దీన్నే చెప్తాను. ఊరి నడిమధ్యన ఉంది, కొండెక్కే పని లేదు, జనం తక్కువ, గంటలో అయిపోతుంది. వంటింటి మీద 33 మీటర్ల ఎత్తున రెండు తెల్లటి శంకువుల్లాంటి పొగగొట్టాలు, ఊళ్లో ఎక్కడున్నా కనిపిస్తాయి. ఆ వంటింట్లో నిలబడి తల పైకెత్తి చూడండి, పొగగొట్టం లోపలి నుంచి వెలుతురు దిగుతుంటుంది. దీన్ని బాగా పెంచి కట్టినవాళ్లలో మాన్యుయెల్ రాజు ఒకడు. వాస్కో డ గామాని ఇండియాకి పంపింది ఈయనే. 1495 నుంచి 1521 దాకా పాలించాడు, అంటే విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయల పాలన మొదలయ్యేనాటికి ఇక్కడ గద్దె మీద ఉన్నది ఈయన. రాయలు కొన్న గుర్రాలు గోవా పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చినవి, రాయల రూపురేఖల్ని కళ్లకు కట్టినట్టు రాసిపెట్టిన డొమింగో పేస్ కూడా ఈ దేశం వాడే. ఈ సంగతి మీ గైడ్‌కి చెప్పండి, చాలామందికి గోవా దాకానే తెలుసు, విజయనగరం పేరెత్తితే ఆసక్తిగా వింటారు, వాళ్ల కబుర్లు కూడా ఒక మెట్టు పైకెళ్తాయి. పైఅంతస్తులో వంశ చిహ్నాల గది ఉంది, పైకప్పు నిండా 72 కులీన కుటుంబాల ముద్రలు, గోడల నిండా నీలిరంగు పలకల మీద వేట దృశ్యాలు. ఈ గది చూడకుండా బయటికి రావద్దు.

మూర్ల కోట. 1147లో పోర్చుగల్ తొలి రాజు అఫోన్సు హెన్రీకెష్ చేతికి వచ్చిన పాత కోట. మెట్లు నిటారు, గాలి ఈడ్చి కొడుతుంది. తీరం కూడా చూసే రోజున దీన్ని వదిలేయండి. పెనా టెర్రస్ మీద నుంచి కోట గోడ మొత్తం కనిపిస్తుంది, అది చాలు.

మొన్సెరాట్. ఊరికి కాస్త దూరం, జనం తక్కువ, తోట అద్భుతం. 19వ శతాబ్దంలో ఇంగ్లిష్ బట్టల వ్యాపారి ఫ్రాన్సిస్ కుక్ దీన్ని కొత్తగా కట్టించాడు. తోటలో ఇండియా నుంచి తెచ్చిన ఒక రాతి తోరణం నిలబెట్టారు. రెండోసారి వెళ్లేవాళ్లు పెనా మానేసి ఇక్కడికి వెళ్తే చాలా ప్రశాంతంగా ఉంటుంది.

4. ఆపరేటర్‌ని ఎంచుకోవడం, అడగాల్సినవి అడగడం

పోర్చుగల్‌లో టూర్లు నడిపే సంస్థలు ప్రభుత్వ పర్యాటక సంస్థ తురిజ్మో ద పొర్తుగల్ దగ్గర నమోదు కావాలి. ఆ నమోదుని ఆర్‌ఎన్‌ఏఏటీ అంటారు. సంస్థ వెబ్‌సైట్లో అడుగున ఆ నంబరు సాధారణంగా ఉంటుంది, లేకపోతే అడగండి. నంబరు చెప్పడానికి నీళ్లు నమిలేవాళ్లని పక్కన పెట్టేయండి.

డబ్బు కట్టేముందు ఒకే మెసేజ్‌లో కొన్ని విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, వచ్చే మనిషి డ్రైవరా, గైడా? బండి నడుపుతూ కబుర్లు చెప్పి గేటు దగ్గర దింపేసి, "రెండు గంటల్లో ఇక్కడికే రండి" అనేవాళ్లే ఎక్కువ. అందులో తప్పేం లేదు, రేటు కూడా దాన్ని బట్టే ఉంటుంది. కానీ మీరు ప్యాలెస్ లోపల ప్రతి గదిలో పక్కనుండి వివరించే మనిషి కోసం ఎదురుచూస్తుంటే నిరాశపడతారు. "లోపలికి మాతో వస్తారా, వస్తే వాళ్ల టికెట్ ఎవరు కొంటారు?" అని సూటిగా అడగండి.

రెండోది, ప్యాలెస్ టికెట్లు రేటులో కలిపారా? చాలాచోట్ల కలపరు. మూడోది, బండికి పెనా గేటు దాకా వెళ్లే అనుమతి ఉందా? నాలుగోది, పికప్ ఎక్కడ? అల్ఫామా లాంటి పాత పేటల్లో హోటల్ తీసుకుంటే సందుల్లోకి కారు రాదు, దగ్గర్లో పెద్ద రోడ్డు మీద ఒక గుర్తు చెప్పుకోవాలి. పిల్లలుంటే సీట్ల సంగతి కూడా రాయండి. పోర్చుగల్ చట్టం ప్రకారం 12 ఏళ్ల లోపు, 135 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి. పిల్లల వయసు, ఎత్తు, బరువు ముందే పంపితే ఆ రోజు పొద్దున టెన్షన్ ఉండదు.

చివరగా, ఇది అందరూ మర్చిపోతారు: ఎనిమిది గంటలు దాటితే అదనపు గంటకి ఎంత? ఆ రోజు వాతావరణం బాగుండి తీరంలో ఇంకో గంట ఉండాలనిపిస్తే బేరమాడే పని లేకుండా రేటు ముందే తెలిసి ఉండాలి. వీలైతే మొదటే పది గంటలకి మాట్లాడుకోండి. మీరు అనుకున్న వరుసని, అంటే పెనా ముందు, తర్వాత ఊరు, ఆపైన తీరం అన్నదాన్ని రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

5. టికెట్లు

పెనా, మూర్ల కోట, జాతీయ ప్యాలెస్, మొన్సెరాట్ ఈ నాలుగూ పార్కెష్ ద సింట్రా అనే సంస్థ చేతిలో ఉన్నాయి, టికెట్లు వాళ్ల సైట్లో. రెగలైరా వేరే యాజమాన్యం, దాని సైటు వేరు. ఒకచోట కొన్న టికెట్ ఇంకోచోట చెల్లదు.

పెనాకి రెండు రకాల టికెట్లుంటాయి. పార్కు మాత్రమే, లేదా ప్యాలెస్‌తో కలిపి. రెండోదానికి 20 యూరోల చుట్టుపక్కల అవుతుంది, తాజా రేటు కొనేముందు చూసుకోండి. ప్యాలెస్ టికెట్ మీద ఒక టైము ఉంటుంది. అది పార్కు గేటు దగ్గరికి చేరాల్సిన టైము కాదు, పైన ప్యాలెస్ గుమ్మం దగ్గర ఉండాల్సిన టైము. గేటు నుంచి పైకి ఎక్కుడు దారి, ఆగుతూ నడిస్తే అరగంట వేసుకోవాలి. ఆలస్యమైతే లోపలికి పంపరు. టైము పోగొట్టుకుని గుమ్మం దగ్గర బతిమాలుకునేవాళ్లు అక్కడ రోజూ కనిపిస్తారు. గేటు నుంచి పైదాకా చిన్న బస్సు ఉంది, కొన్ని యూరోలు అదనం. పెద్దవాళ్లుంటే ఆలోచించకుండా అది కూడా కొనేయండి.

పొద్దున 9:30 స్లాట్ దొరికితే అదే తీసుకోండి. అది దొరక్కపోతే సాయంత్రం చివరి స్లాట్లు చూసి, రోజుని తిరగేసి తీరం ముందు, పెనా చివర పెట్టుకోవచ్చు. పదకొండు నుంచి రెండు మధ్య స్లాట్ మాత్రం వద్దు. ఆ వేళ గదుల్లో ముందు మనిషి వీపు చూస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ కదలాలి.

6. బ్యాగులో ఏముండాలి

లిస్బన్‌లో ఎండగా ఉందని చొక్కా మీద బయల్దేరకండి. సముద్రపు తేమ నేరుగా ఈ కొండల్ని తాకడంతో సింట్రా ఎప్పుడూ చల్లగా, తరచూ పొగమంచుతో ఉంటుంది. గాలిని ఆపే పల్చటి జాకెట్ ఆగస్టులో కూడా పట్టుకెళ్లాలి. కాబో ద రోకాలో గొడుగు తెరిస్తే తిరగబడిపోతుంది, చీర కట్టుకున్న అమ్మకి పైన స్వెటరూ కొంగుకి పిన్నులూ కావాలి. అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, ఊళ్లో రాతి పలకల బాటలు నున్నగా అరిగిపోయి ఉంటాయి. కొండ దారులు మెలికలు ఎక్కువ, కారులో కడుపు తిప్పేవాళ్లు బయల్దేరే ముందే మాత్ర వేసుకోవాలి.

7. ఉదయం

ఎనిమిదింటికల్లా లిస్బన్ వదలండి. ఆ వేళ ట్రాఫిక్ ఎక్కువగా నగరంలోకి వచ్చే వైపు ఉంటుంది, మీరు వెళ్లేది ఎదురు దిక్కు. తొమ్మిదికి పెనా గేటు దగ్గర ఉంటే 9:30కి తీరిగ్గా ప్యాలెస్ గుమ్మానికి చేరతారు.

ముందు లోపలి గదులు పూర్తి చేయండి, టెర్రస్‌లు తర్వాత. టెర్రస్ ఎప్పుడైనా దొరుకుతుంది, ఖాళీ గదులు మాత్రం మొదటి అరగంటే. పాత మఠం తాలూకు చిన్న ముంగిలి, దాని చుట్టూ పలకలు, చివర్లో వంటింట్లో రాగి గిన్నెలు, ఈ రెండు చోట్లా ఆగండి. గిన్నెల మీద ఫెర్డినాండ్ ముద్ర చెక్కి ఉంటుంది. 1910 అక్టోబరులో రాచరికం కూలిపోయిన రోజుల్లో రాణి అమేలియా ఈ ప్యాలెస్‌లోనే ఉంది, ఇక్కణ్నుంచే ప్రవాసానికి కదిలింది. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఆమె గదులు చూస్తే అవి వేరేగా కనిపిస్తాయి.

బయటికొచ్చాక ట్రైటన్ తోరణం కింద రెండు నిమిషాలు నిలబడండి. సగం మనిషి, సగం చేప ఆకారం, పెద్ద గవ్వ మీద కూర్చుని కిటికీని భుజాల మీద మోస్తున్నట్టు ఉంటుంది. జుట్టులోంచి ద్రాక్ష కొమ్మలు పుట్టుకొచ్చి పైకి పాకుతాయి, నడుము కింద పగడాలు, గవ్వలు. సముద్రం అడుగున, నేల పైన అన్నట్టు చెక్కారు. జనం దాని కింద నుంచి ఫోన్లు చూసుకుంటూ దాటిపోతుంటారు. రాణి టెర్రస్ మీద ఒక నీడగడియారం, దానికి తగిలించిన బుల్లి ఫిరంగి ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ పడి పేలేలా ఏర్పాటు చేసింది. అదీ చూడండి. ఫొటోలకి ప్యాలెస్ గోడ వెంట చుట్టూ తిరిగే సన్నటి బాట బాగుంటుంది, ఎత్తంటే భయం ఉన్నవాళ్లు మాత్రం అక్కడికి వెళ్లొద్దు.

పదకొండున్నర దాటాక కిందికి దిగి రెగలైరాకో, జాతీయ ప్యాలెస్‌కో వెళ్లండి. రెండూ వద్దు.

8. భోజనం

గైడ్ తీసుకెళ్లిన హోటల్‌కే వెళ్లాలని లేదు. ఊళ్లో తినాలా, తీరంలో తినాలా అన్నది ముందే చెప్పండి. చేపలు తినేవాళ్లు ఆకలి ఆపుకోగలిగితే తీరంలో తినడం మేలు. శాకాహారులు సింట్రా ఊళ్లోనే కానివ్వాలి, తీరంలో ఆప్షన్లు తగ్గిపోతాయి. "సెం కార్న్, సెం పెయ్‌ష్" అంటే మాంసం, చేప లేకుండా అని. ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకోండి. కాల్దో వెర్ద్ అనే ఆకుకూర సూప్ చూసి మనదే అనుకోవద్దు, అందులో సాధారణంగా పంది మాంసం సాసేజ్ ముక్క వేస్తారు. కూర్చోగానే అడక్కుండా బల్ల మీద పెట్టే రొట్టె, ఆలివ్‌లు ఉచితం కాదు, తింటే బిల్లులో పడతాయి, వద్దంటే తీసుకెళ్లిపోతారు.

పెద్దవాళ్ల కోసం పులిహోర డబ్బా తెచ్చుకుంటే మంచిదే, కారులో తినొచ్చా అని డ్రైవర్‌ని అడిగి తినండి. సింట్రా మిఠాయిలు రెండు. ట్రవెసెయిరో అంటే పొరలు పొరలుగా విడిపోయే కాజా లాంటిది, లోపల బాదం, గుడ్డు పచ్చసొన ముద్ద, వేడిగా ఉండగా తినాలి. కెజాదా చిన్న గిన్నెలా ఉంటుంది, జున్ను, పంచదార, దాల్చినచెక్క వాసన. రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది, గుడ్డు తినని వాళ్లకి ముందే చెప్పండి.

9. తీరం

రెండున్నర లోపు సింట్రా వదలండి. శీతాకాలమైతే ఒంటిగంటన్నరకే. తొందరగా బయల్దేరితే కొలారెస్ మీదుగా అజేన్యాస్ దో మార్ దగ్గర ఒక పది నిమిషాలు ఆపమనండి. కొండ చరియ మీద తెల్లటి ఇళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, కింద అలలు. కొలారెస్ ద్రాక్ష తోటల్ని ఇసుకలో వేస్తారు. 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్ష తోటల్ని నాశనం చేసిన ఫిలోక్సెరా పురుగు ఆ ఇసుకలో బతకలేకపోయింది, అందుకే ఇక్కడి తీగలు అంటు కట్టకుండా సొంత వేర్ల మీదే మిగిలాయి.

కాబో ద రోకాలో ఉండేది ఒక లైట్‌హౌస్, ఒక శిలువ ఉన్న రాతి స్తంభం, సముద్రానికి 140 మీటర్ల ఎత్తున కొండ చరియ. అంతే, కానీ పడమర వైపు చూస్తే కనుచూపు మేర నీళ్లే. స్తంభం దగ్గర ఫొటోకి క్యూ ఉంటుంది. ఫొటో తీసుకుని, కంచె వెంబడి కుడివైపు వంద అడుగులు నడవండి, జనం పల్చబడతారు. కంచె దాటొద్దు. 2014లో ఇక్కడ ఒక జంట పిల్లల కళ్ల ముందే జారిపడి చనిపోయారు. నేల చూడ్డానికి గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, అంచున మట్టి విరిగిపోతుంది. పిల్లల చెయ్యి వదలకండి. వచ్చినట్టు పేరు రాసి ఇచ్చే సర్టిఫికెట్ టూరిస్ట్ ఆఫీసులో డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు, పెద్దవాళ్లు మురిసిపోతారు.

అక్కణ్నుంచి కష్కైష్ వైపు బయల్దేరేటప్పుడు కారులో కుడివైపు కూర్చోండి. దక్షిణానికి దిగినంతసేపూ, ఆ తర్వాత కష్కైష్ నుంచి లిస్బన్‌కి తూర్పుగా తిరిగినప్పుడూ సముద్రం కుడివైపే ఉంటుంది. పోర్చుగల్‌లో స్టీరింగు ఎడమ పక్క, కాబట్టి ముందు సీటు ఖాళీగా ఉంటే అది మరీ మంచిది, ఆ సీటు అమ్మకో నాన్నకో ఇవ్వండి.

దారిలో గింషు బీచ్ వస్తుంది. విశాలమైన ఇసుక, వెనక సింట్రా కొండలు, గాలిలో సర్ఫింగ్ చేసేవాళ్ల రంగు తెరచాపలు. మన విశాఖ బీచ్‌లో లాగా నీళ్లలోకి దిగి ఆడదామంటే కుదరదు. అట్లాంటిక్ నీళ్లు ఎండాకాలంలో కూడా జివ్వుమంటాయి, లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. కాళ్లు తడుపుకుని వచ్చేయండి. బోకా దో ఇన్‌ఫెర్నో దగ్గర అలలు రాతి గుహలోకి దూరి గర్జిస్తాయి. సముద్రం శాంతంగా ఉన్న రోజున అక్కడ చూసేదేం లేదు, గైడ్‌ని అడిగి అలలు లేకపోతే ఆపొద్దనండి.

కష్కైష్ మొదట చేపలు పట్టే ఊరు. 1870లో లుయీష్ రాజు ఇక్కడి కోటని వేసవి విడిది చేసుకోవడంతో కులీనులందరూ వెంటపడి వచ్చి భవంతులు కట్టారు. పోర్చుగల్‌లో మొదటి విద్యుద్దీపాలు 1878లో వెలిగింది కూడా ఇక్కడే. ఒక గంట ఊరికే నడవండి, ఐస్‌క్రీం తినండి, పడవలు చూడండి. చూసి తీరాల్సిన జాబితా ఇక్కడ ఏదీ లేదు, పొద్దుటి నుంచి మెట్లెక్కిన కాళ్లకి అదే కావాలి.

10. పొగమంచు కమ్మితే

ఇది జరుగుతుంది. లిస్బన్‌లో నీలాకాశం, పెనా దగ్గర పది అడుగుల దూరంలో గోడ కూడా కనిపించదు. అప్పుడు కంగారుపడి అన్నీ రద్దు చేయకండి. పొగమంచు ఎక్కువగా కొండ మీదే ఉంటుంది, కింద ఊళ్లో, తీరంలో తేటగా ఉండొచ్చు. పెనా టికెట్ టైము మార్చలేరు కాబట్టి లోపలి గదులు చూసి, టెర్రస్ వదిలేసి, త్వరగా దిగిపోండి. రెగలైరా తోట మంచులో ఇంకా బాగుంటుంది. కాబో ద రోకాలో మంచుంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, నేరుగా గింషుకి పోనిమ్మనండి. ప్రైవేట్ టూర్ కాబట్టే ఈ మార్పులన్నీ సాధ్యం, గైడ్‌ని పొద్దున కారెక్కగానే "ఈ రోజు మంచు ఎలా ఉంది, మీరైతే ఏ వరుసలో తిప్పుతారు?" అని అడగండి. రోజూ ఆ దారిలో తిరిగే మనిషి మాట వినడం మంచిది.

11. తిరుగు ప్రయాణం

తీరం వెంబడి వెళ్లే మార్జినల్ రోడ్డు మీదుగా తీసుకెళ్లమనండి. హైవే తొందరగా చేరుస్తుంది గానీ, మార్జినల్ మీద ఎస్తొరిల్ ఊరు, చిన్న చిన్న కోటలు, తేజో నది సముద్రంలో కలిసే చోటు, చివర బెలేం బురుజు కనిపిస్తాయి. సాయంత్రం ట్రాఫిక్ ఉంటే మాత్రం గైడ్ ఇష్టానికి వదిలేయండి.

టిప్పు తప్పనిసరి కాదు. రోజంతా ఓపిగ్గా తిప్పి, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని మెట్లు దింపిన మనిషికి మనసుకి తోచింది నగదుగా ఇస్తే సంతోషిస్తారు, దీనికోసం కొన్ని యూరో నోట్లు పక్కన పెట్టుకోండి. ఏదైనా గట్టి ఫిర్యాదు ఉంటే, పోర్చుగల్‌లో ప్రతి వ్యాపారానికీ ఫిర్యాదుల పుస్తకం ఉండాలన్నది చట్టం, ఆన్‌లైన్‌లో కూడా రాయొచ్చు.

పిల్లలు, పెద్దవాళ్లు లేకుండా వెళ్లినవాళ్లకి ఇంకో దారి ఉంది. కష్కైష్‌లోనే గైడ్‌కి వీడ్కోలు చెప్పేస్తే ఎనిమిది గంటల టూర్ సరిపోతుంది, అదనపు డబ్బు పడదు. అక్కడ చీకటి పడేదాకా ఉండి, రాత్రి భోజనం కూడా చేసి, రైలెక్కితే 40 నిమిషాల్లో లిస్బన్‌లో కైష్ దొ సొద్రే స్టేషన్. ఈ రైలు చాలా దూరం నీళ్ల పక్కనే వెళ్తుంది, రైళ్లు రాత్రి పొద్దుపోయేదాకా ఉంటాయి. ఈసారి కూడా కుడివైపు కిటికీ పట్టుకోండి.